దొర ముందు కాదు, దేవుని ముందు

నిజామాబాద్, బోధన్ ప్రాంతాల సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) సంఘాల్లో ప్రార్థన ఒంటితోనే మొదలవుతుంది. ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. సువార్త చదువుతుంటే అందరూ లేచి నిలబడతారు. ప్రభు భోజనం వేళ ఆల్టర్ ముందున్న రైలింగ్ పొడవునా వరుసగా మోకాళ్లూని, ఎడమ అరచేతి మీద కుడి అరచెయ్యి ఆనించి రొట్టె అందుకుంటారు. వెస్లియన్ మిషన్ నాటి ఈ అలవాటు 1947లో సి.ఎస్.ఐ. ఏర్పడ్డాకా పోలేదు. పోకూడదు కూడా. ఈ నేలమీద మనిషికి మర్యాద తిరిగి ఇచ్చిన భంగిమ అది.

అయితే, వంగడం ఇక్కడి పేదలకు కొత్తగా నేర్పాలా అని అడిగేవాళ్లున్నారు. దొరల గడీల ముందు 'నీ బాంచెన్, కాల్మొక్త' అంటూ తరాలు గడిచాయి. చెరకు గడ తీపంతా మొదట్లో ఉంటుంది కనుక నేలకు ఆనించి నరకాలి, కూలి పొద్దంతా నడుము వంచే ఉండాలి. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ గానుగకు చెరకు అందించినవి ఆ నడుములే. అలాంటి మనిషిని గుడిలోనూ వంగమంటే బానిసత్వానికి పసుపు కుంకుమలు పెట్టినట్టు కాదా? కొట్టిపారేయదగిన ప్రశ్న కాదిది. కానీ గడీ ముందు వంగింది ఒక్కడే, దొర కుర్చీ దిగలేదు. రైలింగ్ దగ్గర మాలా మాదిగా, భూమి ఉన్నవాడూ కూలివాడూ భుజాలు తగులుతూ మోకరిస్తారు. పాపపు ఒప్పుకోలుకు అయ్యగారూ మోకాళ్లూనుతారు. వాళ్లు మొక్కే ప్రభువే శిష్యుల కాళ్లు కడిగాడని యోహాను, మోకాళ్లూని ప్రార్థించాడని లూకా రాశారు. సంఘంలో కులం ఇంకా చావలేదు, నిజమే. అందుకే ఆ వరుస మరింత అవసరం.

ఒళ్లు వంగినంత మాత్రాన మనసు వంగుతుందా అంటే, వంగదు. పనివాళ్లను పీడిస్తూ జమ్ములా తలవంచే భక్తిని యెషయా 58వ అధ్యాయం ఎండగట్టింది. లూకా చెప్పిన ఉపమానంలో పరిసయ్యుడూ సుంకరీ ఇద్దరూ నిలబడే ప్రార్థించారు, దేవుడు మెచ్చింది ఒక్కణ్నే. ఆదివారాలు మోకరించవద్దు, నిలబడే ప్రార్థించండని 325లో నైసియా సభ తీర్మానించింది. కాబట్టి మోకరించడం చట్టం కాదు. మోకరించలేనివాళ్లూ ఉంటారు. ఇజబెల్, జార్జ్ కెర్ దంపతులు 1915లో డిచ్‌పల్లిలో కుష్ఠు ఆసుపత్రి పెట్టారు. ఆ జబ్బు నరాలను తినేసిన పాదాలకు నొప్పి తెలియదు, మోకరించినప్పుడు గచ్చుకు నొక్కుకునే వేళ్లు పుండుపడినా తెలియదు. అలాంటివారు కూర్చుని తలవంచినా అది నిండు ప్రార్థనే. కానీ ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకు మోకాళ్లు చేసే మేలు వేరే ఉంది. మోకరించిన మనిషి పక్కవాణ్ని పైనుంచి చూడలేడు, చప్పున లేచి వెళ్లలేడు, పెత్తనం చేయలేడు. వినయం ఇంకా మనసుకు ఎక్కకపోయినా, ఆ కాసేపు ఒళ్లు దాన్ని సాధన చేస్తుంది.

ఈమధ్య గుడుల్లో ప్లాస్టిక్ కుర్చీలు నిండిపోయి, మోకాలు ఆన్చే చోటు లేక కూర్చున్నచోటే తలవంచి సరిపెట్టుకుంటున్నారు. ముసలివాళ్లకు కుర్చీలు ఉండాల్సిందే. కొత్తగా గుడి కట్టుకునే సంఘాలు మాత్రం వరుసల మధ్య ఒక మనిషి మోకరించేంత జాగా విడిచిపెట్టాలని నా మనవి.