అంగన్‌వాడి టీచరు నేర్పు

ఇటలీ విద్యావేత్త మరియా మాంటిసోరీ 1907లో రోము నగరమందలి సాన్ లొరెంజో పేటలో తన శిశుగృహమును తెఱచుటకు పూర్వమే, మందబుద్ధులని లోకము త్రోసిపుచ్చిన బాలురకు బోధించి, వారికై కూర్చిన ఉపకరణములనే తరువాత సకల శిశువులకును వినియోగించినది. ఆమె 1939లో మద్రాసునందలి అడయారునకు వచ్చి మన ఉపాధ్యాయులకు శిక్షణ యొసగెను. ఆ విద్యకు నేటి వారసురాలు నేర్పుగల అంగన్‌వాడి టీచరు. ఆమెను మెచ్చవలసినంతగా మనము మెచ్చుట లేదు.

వినికిడి తక్కువైన పిల్ల పెదవుల కదలికను చూచి మాట గ్రహించునని యెఱిగి, ఆమె కిటికీకి వీపు పెట్టి నిలువదు. వెలుతురు తన మొగముపై పడునట్లు కూర్చుండి, పిల్లను ఎదురుగా చేర్చుకొని, పాట మొదలిడును. పట్టు చాలని వ్రేళ్ళకై బలపమునకు గుడ్డపేలిక చుట్టి లావు చేయును. చూపు మందమైన వానిచేత గరుకు కాగితమున కత్తిరించిన ‘అ’కారమును వ్రేలితో దిద్దించును. గోలకు బెదరు పిల్లవానికి ఒక మూల చాప పఱచి యుంచును; పాట, ఆట, అన్నము, నిద్ర యను దినక్రమమును బొమ్మలుగా గోడ కంటించుటచే, తరువాత నేమి జరుగునో యన్న భయము వానికి తగ్గును.

ఒక్కనికై చేసిన యీ సవరణ వానిని వెలివేయదు; గరుకు అక్షరమును అందఱును దిద్దుదురు, లావు బలపమును అందఱును కోరుదురు. ఇదియే నాకు మిక్కిలి గౌరవము కలిగించు విషయము. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను పేర్కొన్నది. కాని మూడేండ్ల బిడ్డ ఏ పేరును వెంట తెచ్చుకొనడు. వైద్యుడు పేరు నిర్ణయించు వఱకు ఆగక, నేడు వీనికేమి కావలెనో కనిపెట్టి, ఆ పూటకే ఆమె గది సర్దును.