ప్రయోగశాల గుమ్మంలో ఆగిన యాత్రాచరిత్ర

జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రాన్ని చూసివచ్చిన మన యాత్రారచయితలు కొందరు, 2004లో భారతదేశం బహూకరించిన నటరాజ విగ్రహం దగ్గరే పరవశించి ఆగిపోతారు. నేల కింద 27 కిలోమీటర్ల సొరంగం తవ్విన చేతులెవరివి? 2012లో హిగ్స్ బోసాన్‌ను కనుగొనడానికి ఎన్ని దేశాల శ్రమ కలిసింది? ఆ ప్రశ్నలు వారికి తట్టవు.

ఈ చూపు విదేశంలో అలవడింది కాదు. మా రాంగోపాల్‌పేట్‌కు దగ్గరలోనే, బేగంపేటలో, 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి పొందాడు. దోమకు ఒక అణా కూలికి కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్‌ను ఎందరు తలుస్తున్నారు?

విజ్ఞానాన్ని విగ్రహంగా కాక, మనుషుల శ్రమగా చూపినప్పుడే యాత్రాచరిత్ర సాహిత్యమవుతుంది.