ఆ ఎనభై కిలోలు ఎటు పోయాయి?

హైదరాబాద్ శివార్లలో ఒక మందుల ఫ్యాక్టరీలో చేరిన కొత్తలో, నా మొదటి బ్యాచ్ షీటు నింపి షిఫ్ట్ ఇన్‌చార్జికి చూపించాను. రియాక్టర్‌లో వెయ్యి కిలోల టోలుయీన్ అనే సాల్వెంట్ (ద్రావణి) పోశాం. రికవరీలో తొమ్మిది వందల ఇరవై వచ్చింది. మిగిలిన ఎనభై ఎదురుగా 'నష్టం' అని రాశాను.

"ఈ ఎనభై ఏమైనట్టయ్యా?"

"ఆవిరైపోయుంటుంది సార్."

"ఎవరి ముక్కులోకి?"

అప్పుడు నవ్వేశాను. బెంగళూరు వచ్చి స్థిరపడ్డాక ఆ నవ్వు పోయింది.

మా వృత్తికి పెద్ద బాలశిక్ష మెటీరియల్ బ్యాలెన్స్. లోపలికి పోయిన ప్రతి కిలోకీ బయట లెక్క తేలాలి. మార్కుల కోసం బట్టీపట్టిన ఈ లెక్కే హరిత రసాయన పరిశ్రమకు ఓనమాలు. 1992లో రోజర్ షెల్డన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని ఒక్క అంకెలోకి దించాడు: కిలో సరుకు వెనక ఎన్ని కిలోల వ్యర్థం? చమురు శుద్ధిలో అది 0.1 కూడా ఉండదు. మందుల తయారీలో 25 నుంచి 100 దాకా పోతుంది. అందులో పెద్ద వాటా సాల్వెంట్లదే.

ఆ అంకె తగ్గాలంటే చివర్లో శుద్ధి ప్లాంటు కట్టడం కన్నా మొదట్లో దారి మార్చడం మేలు. నొప్పులకు వేసుకునే ఐబూప్రోఫెన్‌నే చూడండి. పాత పద్ధతిలో ఆరు అంచెలు. వాడిన పదార్థంలో 40 శాతమే మందుగా మారేది. కొత్త పద్ధతిలో మూడే అంచెలు, 77 శాతం. బిళ్ల అదే, గుణం అదే.

దారి మార్చకపోతే ఏమవుతుందో బెంగళూరులోని బెళ్లందూరు చెరువు చూపించింది. శుద్ధి కాని మురుగు, ఇళ్లలోంచి వచ్చే సబ్బు పొడి నీళ్లు అక్కడ చేరి, నీరు కిందికి దూకేచోట నురగై లేచేవి. 2015లో ఆ నురగకు నిప్పంటుకుంది కూడా. యమలూరు వంతెన మీద ఒకరోజు ఆ తెల్లటి ముద్ద ఎగిరొచ్చి నా స్కూటర్ అద్దానికి అతుక్కుంది. మా ఇన్‌చార్జి అడిగిన ముక్కు నాదేనని అప్పుడు తెలిసింది. ఆ నురగలో మా ఇంటి సబ్బు పొడీ ఉంది మరి.

లెక్క సరిగ్గా రాసినవాళ్లూ ఈ ఊళ్లోనే ఉండేవారు. బెంగళూరులోనే పుట్టిన అమూల్య రెడ్డి ఎలక్ట్రోకెమిస్ట్రీలో ప్రపంచమంతా చదివే పాఠ్యగ్రంథం రాసిన ఇద్దరిలో ఒకరు. ఆయన 1974లో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో పల్లెల కోసం 'అస్త్ర' అనే విభాగం మొదలుపెట్టారు. తుమకూరు జిల్లా పురా గ్రామంలో వాళ్లు కట్టిన గోబర్ గ్యాస్ ప్లాంటు నా దృష్టిలో ఏ రిఫైనరీకీ తీసిపోదు. మొదట వంట గ్యాస్ ఇద్దామనుకున్నారు, అది సాగలేదు. ఊరికి కావలసింది నీళ్లు, దీపాలు. 1987 నుంచి ఆ గ్యాస్‌ను కొంత డీజిల్‌తో కలిపి ఇంజన్ నడిపి రెండూ ఇచ్చారు. పేడ తెచ్చినవాళ్లకు తూకం వేసి పైసలు ఇచ్చేవారు. గ్యాస్ తీయగా మిగిలిన మడ్డి ఎరువుగా మళ్లీ వాళ్ల చేలకే వెళ్లేది. పేడతో వచ్చిన నత్రజని ఆ మడ్డిలోనే ఉండిపోతుంది కాబట్టి చేనుకు లోటు రాదు.

టోలుయీన్‌ను చేలో చల్లలేం, నిజమే. అందుకే మా పనికి ఒక వరస ఉంది: వీలైతే వాడకు; వాడితే తిరిగి పట్టుకో; పట్టుకోలేనిది ఎటు పోయిందో రాయి. ఇప్పుడు నా దగ్గరికొచ్చే కుర్రాళ్ల షీట్లలో 'నష్టం' అనే గడి ఉంచను. దాన్ని కొట్టేసి 'చిరునామా' అని రాయిస్తాను.

మొన్న ఒకమ్మాయి ఆ గడిని గంటసేపు ఖాళీగా ఉంచి, చివరికి ప్లాంటులోకి వెళ్లి కారుతున్న వాల్వు గ్యాస్కెట్ పట్టుకొచ్చి నా బల్లమీద పెట్టింది.