నావలో నీరు

నావ నీటిలో ఉండాలి గానీ నావలో నీరు ఉండకూడదని చిన్నప్పటినుంచీ ప్రవచనాల్లో వింటున్నాం. సంసారం గురించి చెప్పిన ఆ మాట నావకు కూడా వర్తిస్తుందని నాకు కిందటేడు ఏప్రిల్ దాకా తట్టలేదు. అమెరికాలో మేరీలాండ్ రాష్ట్రం, చెసపీక్ అఖాతం ఒడ్డున ఒక పడవల యార్డు. అందులో స్టాండ్ల మీద నిలబెట్టిన పాత క్యాబిన్ క్రూయిజర్ వెనకాల గొంతుక్కూచుని ఉండగా తట్టింది.

క్యాబిన్ క్రూయిజర్ అంటే నీళ్ళమీద తిరిగే చిన్న గది. ముక్కు వైపు ఇద్దరు పడుకునే పరుపు, ఒక పొయ్యి, వంగి దూరాల్సిన మరుగుదొడ్డి, వెనకాల పెట్రోలు ఇంజను. కొత్తది కొనడం జీతగాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అందుకే నాబోటివాళ్ళు ముప్ఫై ఏళ్ళ నాటి 28 అడుగుల పడవల వెంట పడతారు. "గోదావరి ఒడ్డున పుట్టి ఈత కూడా నేర్చుకోలేదు, మీకు పడవెందుకండీ?" అంది మా ఆవిడ. నా దగ్గర జవాబు లేదు. అలాగని వెతకడం మానలేదు.

ఆ యార్డులో పడవ ఎండలో తళతళలాడుతోంది. ఒంటినిండా మైనం పాలిష్, లోపల కొత్త తివాచీ, గుప్పుమనే సెంటు. సంతలో ఎద్దు కొమ్ములకు కొత్తగా రంగేసి కనిపిస్తే మా తాత ఇంకాస్త జాగ్రత్తగా పళ్ళు చూసేవాడు. ఆయన మనవణ్ణే అయినా నేను ఆ తళుకుకు పడిపోయాను. ఇంజను మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగిలింది. దాన్ని శుభశకునం అనుకున్నాను.

ఇక్కడ పాత పడవ కొనేవాళ్ళు సర్వేయరును పెట్టుకుంటారు. పొడుగును బట్టి అడుగుకింత అని ఫీజు. అది కొనేవాడే ఇస్తాడు కాబట్టి సర్వేయరు మన మనిషి. ఆయన రిపోర్టు లేనిదే పాత పడవకు చాలా ఇన్సూరెన్సు కంపెనీలు పాలసీ ఇవ్వవు. నేను పిలిచినాయనకు డెబ్బై ఏళ్ళుంటాయి. ఇంజను వెచ్చగా ఉందని సంబరంగా చెబితే ఆయన నవ్వలేదు. "చల్లటి ఇంజను మొరాయిస్తుందేమో. మీరొచ్చేలోపు ఒకసారి తిప్పి ఉంటారు" అన్నాడు.

సంచిలోంచి తేమ మీటరు కంటే ముందు ప్లాస్టిక్ తల ఉన్న చిన్న సుత్తి తీశాడు. ఫైబర్‌గ్లాస్ పడవ అంటాం గానీ అది బొబ్బట్టు లాంటిది. ఆ కాలం పడవల్లో చాలావాటికి డెక్కు లోపల బల్సా చెక్క, అడుగు దూలాల్లోనూ ఇంజన్ని మోసే వెనక గోడలోనూ ప్లైవుడ్డు ఉంటాయి. పైనా కిందా ఫైబర్‌గ్లాస్ పొర. పూర్ణం పాడైతే పైకి కనపడదు. కాబట్టి చెవితో చూడాలి, కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసినట్టు.

డెక్కు మీద జానెడు జానెడు చొప్పున కొట్టుకుంటూ వెళ్ళాడు. టక్, టక్, టక్. రెయిలింగు స్క్రూ దగ్గరికి వచ్చేసరికి దబ్. తడిసిన గోనెసంచి మీద కొట్టినట్టు. అక్కడో టేపు ముక్క అంటించాడు. వెనక గోడ దగ్గరికి వచ్చేసరికి టేపు ముక్కలు పది దాటాయి. అమ్మే ఆయన్ని అడిగి అక్కడ ఒక స్క్రూ విప్పాడు. ఆ కన్నంలోంచి సన్నగా డికాషన్ రంగు నీళ్ళు కారాయి. వేలికి రాసుకుని నా ముక్కు దగ్గర పెట్టాడు. కుళ్ళిన ఆకుల వాసన.

"అఖాతంలో నీళ్ళనుకుంటున్నారా? వాన నీళ్ళు" అన్నాడు.

ఉప్పు, చెక్కను తినే బూజును కొంత అణచిపెడుతుంది. వాననీటికి ఆ గుణం లేదు. పైన ఎక్కడో ఒక స్క్రూ చుట్టూ వేసిన సీలెంటు ఎండి పగులుతుంది. వానకో చుక్క చొప్పున లోపలికి దిగుతుంది. దిగిన చుక్కకు బయటికి దారి ఉండదు. అలల మీద అన్నేళ్ళు నిలిచిన పడవ ఆ చుక్కలకు లొంగిపోతుంది.

సిగ్గు విడిచి అడిగాను, బాగుచేయించుకోవచ్చు కదా అని. "చేయించొచ్చు. ఇంజను పైకి లేపి, వెనక గోడ కోసి, కొత్తది కట్టాలి. ఆ ఖర్చుకు ఇలాంటి పడవే ఇంకోటి వస్తుంది" అన్నాడు. ఫీజు ఇచ్చి ఇంటికొచ్చాను. దండగ అనిపించలేదు.

ఆ తరవాత ఏ పడవ చూసినా నా ప్రశ్న ఒకటే: నీరు ఎక్కడ చేరుతుంది? ఇంజను పొగగొట్టాల చుట్టూ ఉప్పునీరు తిరుగుతూ వాటిని చల్లబరుస్తుంది. ఆ పోత ఇనుము లోపలినుంచి తుప్పుపట్టి చిల్లుపడితే నీరు సిలిండర్లోకి పోతుంది. ఉప్పునీటి పడవకు వీటిని ఐదారేళ్ళకోసారి మార్చమంటారు మెకానిక్కులు. అందుకని ఇంజను ఎన్ని గంటలు తిరిగిందన్న దానికంటే, ఇవి ఎప్పుడు మార్చారు, బిల్లుందా అన్నది ముఖ్యం. ఇంజనుకూ, బయట నీళ్ళలో ఉండే ప్రొపెల్లరు కాలికీ మధ్య హార్మోనియం తిత్తిలాంటి రబ్బరు తొడుగు ఉంటుంది. అది చిరిగితే పడవ కట్టినచోటే మునగొచ్చు. ఇక చలికాలం. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. నీళ్ళు తోడేసి గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పొయ్యని ఇంజను బ్లాకు ఒక్క గడ్డు రాత్రికే పగలొచ్చు. ఆయిలు పుల్ల లాగితే పాలు కలిపిన కాఫీ రంగు కనిపించిందా, ఇక మాట్లాడకుండా దిగి వచ్చెయ్యాలి.

జూలైలో చూసినదానికి రంగు వెలిసింది, పరుపులు చిరిగాయి. యజమాని పెద్దాయన. నేను అడక్కముందే ఇంజను మూత ఎత్తాడు. చల్లగా ఉంది. పెట్రోలు ఆవిరి పోయేందుకు నాలుగు నిమిషాలు గడియారం చూసుకుంటూ ఫ్యాను తిప్పి, ఆ తరవాతే తాళం తిప్పాడు. రిపేర్లన్నీ తేదీలతో రాసిన నోటుబుక్కు చేతికిచ్చాడు. నేను టార్చి వేసి అడుగున నీరు చేరే గుంటలోకి చూశాను. ఓ మూల సాలెగూడు, దాని మీద దుమ్ము. నీళ్ళు ఎప్పుడూ వచ్చిపోయే చోట సాలీడు కాపురం పెట్టదు. సుత్తాయన వచ్చి గంటన్నర కొట్టి, డెక్కు తలుపు పక్కన ఒకేఒక్క టేపు ముక్క అంటించాడు. ఆ ముక్క ధర తగ్గించి పెద్దాయన పడవ ఇచ్చేశాడు. అక్కడ డెక్కు కోసి తడిసిన బల్సా తీసి కొత్తది వేయించాను. పరుపులు ఇప్పటికీ చిరిగే ఉన్నాయి.

మీలో ఎవరైనా పాత పడవ కొనాలనుకుంటే ఎండకాసిన ఆదివారం వెళ్ళకండి. పెద్ద వాన కురిసిన మర్నాడు, చెప్పాపెట్టకుండా కాకపోయినా, చెప్పిన వేళకు కాస్త ముందుగా వెళ్ళండి. ఇంజను మీద చెయ్యి వేసి, పరుపులెత్తి కింద తడిమి, అడుగు గుంటలో టార్చి వేసి చూడండి. ధర సంగతి ఆ తరవాత మాట్లాడుకోవచ్చు.