ముక్కల్లో మొత్తం మనిషి: జార్జ్ ఆర్లిస్ నటన

1930 నవంబరులో ఉత్తమ నటుడిగా ఆస్కార్ వచ్చేనాటికి జార్జ్ ఆర్లిస్ వయసు 62. సన్నటి కోలముఖం, పల్చటి పెదవులు, ఒంటికంటి అద్దం. కథానాయకుడి లక్షణం ఒక్కటీ లేదు. ఆ బహుమతి తెచ్చిన ‘డిజ్రేలీ’ కూడా ఆయనకు కొత్త పాత్ర కాదు. 1911లో లూయీ పార్కర్ నాటకంగా మొదలై, అమెరికాలో ఊరూరా తిరిగి, 1921లో మూకీ అయి, 1929లో మాటలు నేర్చింది. అంటే టాకీలో జనం చూసింది పద్దెనిమిదేళ్లపాటు నానిన పాత్రని. సినిమా చరిత్ర రాసేవాళ్లు దీన్ని కాస్త చులకనగానే చెబుతుంటారు, కెమెరా ముందు నాటకం ఆడేసిన పాతకాలం మనిషి అన్నట్టు. నాకు మాత్రం విషయం అంత తేలిగ్గా కనపడదు. సినిమా పాత్రను ముక్కలుగా కోసి తీస్తుంది. ముగింపు ముందు తీయొచ్చు, మొదలు చివర తీయొచ్చు. ఏ ముక్క చూసినా అందులో మనిషి మొత్తం ఉండాలంటే ఆ మనిషి షూటింగుకు ముందే నటుడి లోపల తయారై ఉండాలి. ఆ తయారీ ఇంగ్లిష్ రంగస్థలం నేర్పిన విద్య, దాన్ని తెరకు సరిపడా తగ్గించి వాడటం ఆర్లిస్ చేసిన పని.

లండన్‌లోని బ్లూమ్స్‌బరీలో పుట్టిన ఆర్లిస్ 1887లో ఎలిఫెంట్ అండ్ కాజిల్ థియేటర్లో చిల్లర వేషాలతో మొదలుపెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి చిన్న ఊళ్లు తిరిగే కంపెనీల్లో పనిచేశాడు. ఆ కంపెనీల్లో నటుడికి ఇష్టాయిష్టాలు ఉండవు. ఈ రాత్రి ముసలి ప్రభువు, రేపు రాత్రి మోసగాడు. ప్రేమికుడి వేషానికి రూపం చాలదన్నవాళ్లు ‘క్యారెక్టర్’ వేషాల్లో స్థిరపడేవాళ్లు. ఈ వేషాలకు మాటలు తక్కువ. రెండు మూడు ప్రవేశాల్లోనే ఆ మనిషి వయసు, హోదా, గుట్టు అన్నీ ప్రేక్షకుడికి అందాలి. కాబట్టి నడకను, చేతుల వాడకాన్ని, అన్నిటికంటే ముఖ్యంగా ఎదుటివాడు మాట్లాడుతున్నప్పుడు వినే తీరును చెక్కుకోవాలి. మనవాళ్ల లెక్కలో ఆహార్యం (వేషధారణ), ఆంగికం (ఒంటి కదలికలు) పైకి కనిపించే పనులు. సాత్వికం, అంటే లోపలి భావం, బయటపడేది ఆ వినడంలోనే. 1901లో నటి మిసెస్ ప్యాట్రిక్ క్యాంప్‌బెల్ బృందంతో అమెరికా వెళ్లి రెండు దశాబ్దాలు అక్కడే ఉండిపోయిన ఆర్లిస్‌కు పేరు తెచ్చినవీ ఇలాంటి వేషాలే.

తెర దగ్గరికి వచ్చేసరికి ఆయన ముందున్న చిక్కు వేరు. సినిమాకు నటన పెంచాలని తానూ అనుకున్నాడట. తీరా చూస్తే నేర్చుకోవలసింది అదుపు అని, అది కావాలంటే చాప్లిన్‌ను చూడమని తన జ్ఞాపకాల్లో రాశాడు. ‘డిజ్రేలీ’లో ఒక ఘట్టం చూడండి. సూయెజ్ కాలువ వాటాలు కొనడానికి ఏర్పాటు చేసుకున్న డబ్బు చేజారింది. బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నరు పూచీ పడనంటాడు. బ్రిటన్ ప్రధానమంత్రి డిజ్రేలీ అతణ్ని నిలబెట్టి, బ్యాంకునే నేలమట్టం చేస్తానని బెదిరిస్తాడు. గవర్నరు వణుకుతూ సంతకం పెట్టి వెళ్లిపోతాడు. ఇంత అధికారం మీకుండటం మంచిదైందని పక్కనున్న అమ్మాయి అంటే, అలాంటిదేమీ లేదనీ, ఆ సంగతి గవర్నరుకు తెలియదనీ డిజ్రేలీ తాపీగా చెబుతాడు. నటుడికి ఇది కత్తిమీద సామే. బెదిరింపు నడుస్తున్నంతసేపూ గవర్నరుతో పాటు మనమూ నమ్మాలి. గుట్టు విప్పాక వెనక్కి తలచుకుంటే, ఈ మనిషి మొదటి నుంచీ ఇలాంటివాడేగా అనిపించాలి. ముగింపు తెలిసి మొదలు ఆడటం వందల ప్రదర్శనల మీద వచ్చేది.

‘ది మ్యాన్ హూ ప్లేడ్ గాడ్’ (1932) ఇంకా గట్టి సాక్ష్యం. పేలుడులో చెవులు పోయిన పియానో విద్వాంసుడు పెదవుల కదలిక చదవడం నేర్చుకుని, కిటికీలోంచి బైనాక్యులర్స్‌తో పార్కులో కూర్చున్నవాళ్ల కష్టాలు ‘వింటుంటాడు’. ఒకరోజు తనను పెళ్లాడబోయే అమ్మాయే అక్కడ కనిపిస్తుంది. తాను ప్రేమించినవాడికి, ఈ చెవిటివాడిని వదిలి రాలేనని చెబుతోంది. టాకీ నడిమధ్యలో ఇది మూకీ ఘట్టం. కళ్లకు అద్దాలు అడ్డం, సంభాషణ ఎక్కడో దూరంగా. ఉన్నదల్లా వినే ముఖం ఒక్కటే. ఆ అమ్మాయి వేషం వేసింది హాలీవుడ్ వదిలి వెళ్లిపోదామనుకుంటున్న బెట్టీ డేవిస్. తనను ఎంచుకున్నందుకు ఆర్లిస్‌కు జీవితాంతం కృతజ్ఞత చెప్పుకుంది. అలాంటి ముఖం అప్పటికప్పుడు వచ్చేది కాదు. స్టూడియో నుంచి ఆర్లిస్ రాబట్టుకున్న ముఖ్యమైన సౌకర్యం జీతం కాదు, షూటింగుకు ముందు బృందమంతటితో సుమారు రెండు వారాల రిహార్సల్. (సాయంత్రం నాలుగున్నర దాటితే పనిచేయడని కూడా పేరుంది. ముందే అంతా సిద్ధమైనవాడికి రాత్రిళ్లు దేనికి?)

ఏ సినిమా చూసినా ఆర్లిసే కనిపిస్తాడన్నది ఆయన మీద పాత ఫిర్యాదు. అందులో నిజం లేకపోలేదు. 1931లో అలెగ్జాండర్ హామిల్టన్‌గా వేసినప్పుడు, ముప్పైల్లో ఉండాల్సిన మనిషి అరవై దాటిన ముఖంతో తిరుగుతాడు. ఆ సినిమాకు మూలమైన నాటకం రాయడంలో ఆయనకూ చెయ్యి ఉంది కాబట్టి వదులుకోలేకపోయాడేమో. కానీ ముఖం ఒకటైనంత మాత్రాన మనిషి ఒకడు కాడు. చెవిటి విద్వాంసుడి నిదానానికీ డిజ్రేలీ టక్కరితనానికీ పొంతన లేదు. ఇంకో ఫిర్యాదు మనకు దగ్గరిది, బరువైనది. విలియమ్ ఆర్చర్ నాటకం ‘ది గ్రీన్ గాడెస్’లో ఆయన హిమాలయాల్లోని రుఖ్ అనే కల్పిత రాజ్యానికి రాజు. వేదిక మీదా, మూకీలోనూ, టాకీలోనూ ఆ రాజు ఆయనే. పాశ్చాత్య చదువు, నాజూకు మర్యాద, వాటి కింద నరబలి. ఇది వలస పాలకుడి ఊహలో పుట్టిన భారతీయుడు. రంగు పూసుకున్న ఇంగ్లిష్‌వాడి నేర్పు దీన్ని కడగలేదు. ఆ పాత్రకు కాస్త బుద్ధీ వ్యంగ్యమూ అబ్బితే అది నటుడి పుణ్యమే, అయినా నాటకం బుద్ధి మారలేదు. విద్య గొప్పదైనంత మాత్రాన దాన్ని వాడిన చోటల్లా గొప్పదని ఒప్పుకోనక్కర్లేదు.

మొదట చెప్పిన ‘కెమెరా ముందు నాటకమే’ అన్న మాటకు జవాబు 1934 నాటి ‘ది హౌస్ ఆఫ్ రోత్‌షీల్డ్’లో దొరుకుతుంది. ఆ బ్యాంకర్ల కుటుంబంలో తండ్రి మేయర్, కొడుకు నేథన్, ఇద్దరూ ఆయనే. మొదట్లో ఫ్రాంక్‌ఫర్ట్ యూదుల వాడలో పన్నుల వాళ్లొస్తున్నారని తెలిసి తండ్రి డబ్బు దాచేసి పేదరికం నటిస్తాడు. యూదులను బతకనివ్వని చట్టాల మధ్య వాళ్లకు డబ్బు తప్ప మరో ఆయుధం ఎందుకు లేకపోయిందో చెప్పడానికే ఆ ఘట్టం ఉంది. దాని బరువంతా తర్వాత రాబోయే కథ మీద ఆధారపడింది. ఆరేళ్లకు నాజీలు ‘ది ఎటర్నల్ జ్యూ’ అనే విషప్రచార చిత్రంలో ఆ ముక్కనే కోసి అతికించారు. ముందూ వెనుకా తీసేశాక, అణచివేతను ఎత్తిచూపిన నటనే అణచివేసేవాళ్ల చేతిలో సాక్ష్యంగా మారింది. ఆర్లిస్ ‘రోత్‌షీల్డ్’లో మేయర్‌ను ఆడాడే తప్ప ఆ ఘట్టాన్ని విడిగా ఆడలేదు. కథ నుంచి తెంపితేగానీ అది వాళ్లకు పనికిరాలేదు.