కైఫియత్తుల రచనలో ఆర్థిక పోషణ పాత్ర: ఒక పరిశీలన

ప్రబంధాన్ని అధ్యయనం చేసే పరిశోధకుడు ముందుగా అవతారికను చదువుతాడు. కృతిభర్త ఎవరు, ఆయన అభిరుచి ఎటువంటిది, కవి నుండి ఏమి కోరాడు అన్న ప్రశ్నలు తెలుగు విమర్శకు చిరపరిచితాలు. గ్రామ చరిత్రల విషయంలో ఈ జాగ్రత్త అంతగా కనిపించదు. చరిత్రకారులు కైఫియత్తుల నుండి రాజుల పేర్లను, శాసన ప్రస్తావనలను తీసుకున్నారు. జానపద విజ్ఞాన పరిశోధకులు ఐతిహ్యాలను తీసుకున్నారు. ఆ రచనకు ధనం ఎవరిచ్చారు, ఏ పనికి ఇచ్చారు, ఏ పనికి నిరాకరించారు అన్న విచారణ కూడా పాఠ పరిశీలనలో భాగం కావాలి.

కైఫియత్తులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి. 1815లో ఆయన భారతదేశానికి తొలి సర్వేయర్ జనరల్ అయ్యారు. సేకరణకైన వ్యయంలో చాలా భాగాన్ని స్వయంగా భరించారు. 1821లో ఆయన మరణించిన తరువాత కంపెనీ ఆ భాండాగారాన్ని ఆయన భార్య నుండి లక్ష రూపాయలకు కొన్నది. ఊరూరా తిరిగి, కరణాలను ఒప్పించి, కవిలెలను చూసి వ్రాయించిన పని మాత్రం కావలి వెంకట బొర్రయ్య, ఆయన సోదరుడు లక్ష్మయ్య, వారి సహాయకులు చేసినది.

ఈ పోషణ స్వభావం రచనా స్వరూపంలోనే తెలుస్తుంది. కైఫియత్తు సాధారణంగా గ్రామనామ కథనంతో మొదలై, ఆలయ ప్రతిష్ఠ, రాజుల పరంపర, అగ్రహారాలు, మాన్యాలు, కరణీకపు మిరాశీ వివరాల మీదుగా సాగుతుంది. అడుగుతున్నవాడు సర్కారు మనిషి అని సమాధానం చెప్పే కరణానికి తెలుసు. భూమి శిస్తు నిర్ణయాలు జరుగుతున్న ఆ రోజుల్లో పూర్వీకుల నాటి మాన్యం నిలుస్తుందా, పోతుందా అన్నది అతని కుటుంబానికి జీవన్మరణ సమస్య. అందుచేత దేవతా కథనాన్ని కేవల కల్పనగానూ, మాన్యాల పట్టికను కేవల సమాచారంగానూ విడదీయడం సరికాదు. దేవుడు వెలసిన కథ ఆలయ మాన్యానికి హక్కు పత్రం వంటిది. ఆ రెండూ ఒకే వాదనలో భాగాలు.

పోషణకు మరో ముఖం లక్ష్మయ్య విషయంలో కనిపిస్తుంది. మెకంజీ తరువాత ఆ కృషిని తాను కొనసాగిస్తానని లక్ష్మయ్య ప్రతిపాదించారు. 1830లలో ఆ ప్రతిపాదన బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పరిశీలనకు వెళ్ళింది. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న ఆ సంస్థ, అంతటి పనికి లక్ష్మయ్య అర్హత చాలదని భావించింది. వ్రాతప్రతుల పరిశీలన విలియం టేలర్‌కు దక్కింది. దశాబ్దాల పాటు సేకరించినవారికి సేకరణకు జీతం దొరికింది గాని, వ్యాఖ్యానించే అధికారం దొరకలేదు. కైఫియత్తులు కర్తృత్వం లేని 'ముడిసరుకు'గా నేటికీ పరిగణింపబడడానికి ఈ నిరాకరణ ఒక ముఖ్య కారణం.

దీనికి భిన్నమైన పోషణ విజ్ఞాన చంద్రికా మండలిది. 1906లో హైదరాబాదులో ఏర్పడిన ఆ మండలి పాఠకుల చందాలను ఆధారం చేసుకున్నది. 1910లో వెలువడిన చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' ప్రథమ భాగం ఆ మండలి ప్రచురణే. ఇక్కడ గ్రంథకర్తకు పేరున్నది, నిర్ణయాధికారమున్నది. అయితే చందాదారు కోరినది జాతి చరిత్ర. ఊరి చెరువు, ఊరి కరణం, ఊరి తగవు ఆ కథనంలో వెనుకకు జరిగాయి. పాఠక పోషణ కర్తకు గౌరవమిచ్చినా గ్రామానికి చోటివ్వలేకపోయింది.

ఈ రెండు ఉదాహరణలూ నేటి స్థానిక చరిత్ర ప్రాజెక్టులకు వర్తిస్తాయి. సేకరణకు, డిజిటలీకరణకు నిధులు కోరడం సులభం. ఎన్ని పుటలు, ఎన్ని గ్రామాలు అని లెక్క చూపవచ్చు. పాఠ పరిష్కరణకు, పదకోశానికి, వ్యాఖ్యకు పట్టే ఏళ్ళను అలా లెక్కగట్టలేము. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం ఆ జిల్లా కైఫియత్తులను సంపుటాలుగా ప్రచురించడం వల్ల, భాండాగారానికే పరిమితమైన పాఠం ఆ ప్రాంత పాఠకులకు తిరిగి అందింది. అటువంటి పరిష్కరణ కృషికి సేకరణతో సమానమైన వ్యయాన్ని ప్రాజెక్టు ప్రణాళికలోనే కేటాయించవలసి ఉంది. క్షేత్ర సహాయకుల పేర్లు కృతజ్ఞతల పుటకు పరిమితం కాకుండా, వారికి సహకర్తలుగా స్థానం ఉండాలి.

కైఫియత్తును పరిష్కరించే పరిశోధకుడు ప్రతి పాఠానికీ మూడు విషయాలు నమోదు చేయడం అవసరం: అడిగినది ఎవరు, చెప్పినది ఎవరు, వ్రాసినది ఎవరు. పాఠంలో పేరు దొరికిన ప్రతిచోటా దానిని శీర్షిక వద్దనే చూపాలి. పేరు లేనిచోట ఆ ఖాళీని ఖాళీగానే చూపాలి. అప్పుడే లక్ష్మయ్యకు నిరాకరింపబడిన కర్తృత్వం విమర్శలోనైనా గుర్తింపు పొందుతుంది.