వరుస ఎవరి పక్షం?

ఈ వారం మా అక్క కొడుకు ఫోన్‌కి ఒక సినిమా పంపాడు. క్రిస్టఫర్ నోలన్ ‘మెమెంటో’. నోలన్ తీసిన వరుసలో ఉన్నది కాదు, సీన్లన్నీ విడదీసి జరిగింది జరిగినట్టు పేర్చినది. “మామయ్యా, ఇన్నాళ్ళకి బుర్రకెక్కింది. నువ్వూ చూడు” అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

ఈ కాలమ్ చదివేవాళ్ళకి నా పాత పట్టుదల తెలుసు. కథ వేరు, దాన్ని చెప్పే వరుస వేరు అంటే నేను ఒప్పుకోను. సినిమా పూర్తయ్యీ కాకముందే ‘ఎండింగ్ ఎక్స్‌ప్లెయిన్డ్’ వీడియో వెతుక్కునే అలవాటు మీద ఇక్కడే ఎన్నోసార్లు పోట్లాడాను. ఫ్లాష్‌బ్యాక్ గురించీ అంతే. ఇంటర్వెల్ దగ్గర హీరో కత్తి పడతాడు, వెంటనే రాయలసీమలో పాతికేళ్ళ కిందటి ఊరు తెర మీదికొస్తుంది. మన ఫ్లాష్‌బ్యాక్ సందేహం తీర్చడానికే వస్తుంది. వరుస తప్పించి చెప్పిన క్రైమ్ కథ మాత్రం సందేహాన్ని మన ఒళ్ళో పెట్టి, మోస్తూ నడవమంటుంది.

‘మెమెంటో’ 2000లో వచ్చింది. తమ్ముడు జొనాథన్ చెప్పిన ఆలోచన మీద నోలన్ స్క్రిప్టు రాసుకున్నాడు. లెనర్డ్ షెల్బీ (గై పియర్స్) ఒకప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీలో దర్యాప్తులు చేసేవాడు. ఇంట్లోకి చొరబడ్డవాళ్ళు భార్య మీద దాడి చేసిన రాత్రి అతని తలకి దెబ్బ తగిలింది. అప్పట్నుంచి కొత్త జ్ఞాపకం ఏదీ నిలవదు, కాసేపటికే చెరిగిపోతుంది. పోలరాయిడ్ ఫొటోలు, వాటి మీద రాసుకున్న మాటలు, ఒంటి నిండా పచ్చబొట్లు – వీటి ఆసరాతో హంతకుడి కోసం తిరుగుతుంటాడు. రంగుల సీన్లు వెనక్కి నడుస్తాయి. వాటి మధ్య నలుపు తెలుపు సీన్లు ముందుకు నడుస్తాయి. రెండూ ఆఖర్లో ఒక ఫొటో దగ్గర కలుస్తాయి. కాగితం మీద బొమ్మ తేలుతుండగా తెరకు రంగు ఎక్కుతుంది. ఎడిటర్ డోడీ డోర్న్‌కి ఆస్కార్ నామినేషన్ ఊరికే రాలేదు. ఒక్కో రంగుల సీను, అంతకుముందు మనం చూసిన సీను ఎక్కడ మొదలైందో సరిగ్గా అక్కడికొచ్చి ఆగుతుంది. ఆ కాస్త అతుకు పట్టుకునే మనం దారి తప్పకుండా నడుస్తాం.

నటాలీ ఘట్టం చూడండి. ముందు ఆమె కమిలిన మొహంతో లోపలికొస్తుంది. ఎవడో కొట్టాడంటుంది. లెనర్డ్ జాలిపడతాడు, మనమూ జాలిపడతాం. ఆ తర్వాత దాని ముందు జరిగినది వస్తుంది. ఆమె ఇంట్లో పెన్నులన్నీ ఏరి దాచేస్తుంది. లెనర్డ్‌ని తిట్టి, రెచ్చగొట్టి, అతనిచేతే దెబ్బ తింటుంది. బయటికెళ్ళి కారులో కూర్చుని, అతను మరిచిపోయేదాకా ఆగుతుంది. రాసుకోవడానికి ఒక్క పెన్ను కూడా దొరక్క అతను ఇల్లంతా గాలిస్తుంటాడు. ఇదే వరుసగా చెబితే ఆమె మోసం ముందే తెలిసిపోతుంది, జాలిపడే అవకాశమే రాదు. వెనక్కి చెప్పడం వల్ల మనం పడ్డ జాలి మనకే గుచ్చుకుంటుంది.

ఇలాంటి కథ మనవాళ్ళకి ఎక్కదని ఎవరైనా అంటే నాకు మా పక్క ఊరి టాకీసు గుర్తొస్తుంది. అప్పట్లో ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకునేవి. ఇక్కడ ఆడిన రీళ్ళు డబ్బాలో సైకిలెక్కి అక్కడికి పోయేవి, అక్కడివి ఇక్కడికొచ్చేవి. దారిలో వాగొస్తే ఇంటర్వెల్ సాగేది. బెంచీలవాళ్ళు బీడీలు ముట్టించేవాళ్ళు, నేలవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పడుకోబెట్టుకునేవాళ్ళు. ఒక రాత్రి ఆపరేటరు హడావిడిలో వెనకాల వేయాల్సిన రీలు ముందు వేసేశాడు. ఉన్నట్టుండి ఒక మనిషి హత్యైపోయాడు. చంపినవాడు అతని నేస్తమే. మరుసటి రీల్లో చచ్చినవాడు చక్కగా లేచొచ్చి, అదే నేస్తంతో పీట మీద కూర్చుని భోంచేస్తున్నాడు. హాలంతా ఈలలు, కేకలు. “రీలు మారింది రోయ్” అని ఎవరో అరిచారు. ఆ తర్వాత అల్లరి దానంతటదే అణిగిపోయింది. మా పెదనాన్న నా చెయ్యి నొక్కి, “చూడ్రా, రేపు చంపబోయేవాడికి ఇవాళ నెయ్యి వడ్డిస్తున్నాడు” అన్నాడు. ఆ సినిమా పేరు ఇప్పుడు గుర్తులేదు. పాటలూ గుర్తులేవు. నెయ్యి గిన్నె మాత్రం కళ్ళకి కట్టినట్టుంది. సవ్యంగా వేసుంటే అది వట్టి భోజనాల సీను. చావు ముందే తెలియడం వల్ల ఆ ముద్ద మింగుడు పడలేదు. అక్కడున్నవాళ్ళలో చాలామందికి చదువు రాదు. ఎవరూ ఎవరికీ ఏమీ విప్పి చెప్పనక్కర్లేకపోయింది.

ఆ మాటకొస్తే తెలుగువాళ్ళకి ఇది పదహారో శతాబ్దం నుంచీ ఉన్నదే. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కళాపూర్ణుడి పేరు ముందే వినబడుతుంది, అతనెవరో తెలియడానికి మాత్రం చాలా దూరం నడవాలి. ముందు కనబడ్డ వింతలకి కారణాలు ఎంతో వెనక, గత జన్మల్లోంచి బయటపడతాయి. కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వ తత్త్వ విచారం’లో ఆ కల్పనను ఎందుకంత మెచ్చుకున్నారో, కావ్యం ఒక్కసారి తిన్నగా చదివినవాళ్ళకి తెలుస్తుంది.

ఇన్ని వాదనలు సిద్ధం చేసుకుని, మేనల్లుడికి గట్టిగా జవాబు రాద్దామని అతను పంపింది పెట్టాను. తిన్నగా పేర్చిన ‘మెమెంటో’ కొత్తదేమీ కాదు. 2002లో వచ్చిన ప్రత్యేక డీవీడీలోనే దాన్ని దాచిపెట్టారు. మొదటి భాగం నేను అనుకున్నట్టే నీరసంగా ఉంది. నలుపు తెలుపు సీన్లన్నీ ముందే గుట్టపడ్డాయి. మోటల్ గదిలో ఒక మనిషి ఫోన్లో మాట్లాడుతూనే ఉంటాడు.

అక్కణ్ణుంచి మాత్రం నేను కదల్లేకపోయాను. (సినిమా చూడనివాళ్ళు ఇక్కడ ఆగిపోండి.) లెనర్డ్ పాడుబడ్డ భవనంలో జిమ్మీ అనేవాణ్ణి చంపుతాడు. టెడ్డీ వచ్చి అసలు మాట చెబుతాడు: నీ శత్రువుని నువ్వు ఎప్పుడో చంపేశావు, నీకే గుర్తులేదు. టెడ్డీ మంచివాడేం కాదు, లెనర్డ్‌ని తన లాభానికి వాడుకున్న పోలీసు. అయినా ఆ మాట వినడం లెనర్డ్‌కి ఇష్టం లేదు. సాక్ష్యంగా ఉన్న ఫొటోలు కాల్చేస్తాడు. టెడ్డీ ఫొటో వెనక, వీడి అబద్ధాలు నమ్మొద్దని రాసుకుంటాడు. టెడ్డీ కారు నంబరును హంతకుడి ఆనవాలుగా పచ్చబొట్టు పొడిపించుకోవడానికి బయల్దేరతాడు. కాసేపట్లో మరిచిపోతానని తెలిసే చేస్తాడు.

నోలన్ సినిమాలో ఇది ఆఖరి సీను. తెల్లబోయి చూస్తుండగానే సినిమా అయిపోతుంది. వరుసలో పెడితే ఇది నడిమధ్యన పడుతుంది, ఆ తర్వాత గంటసేపు టెడ్డీ నవ్వుతూ, జోకులేస్తూ, ఊరు వదిలి వెళ్ళిపొమ్మని లెనర్డ్‌ని బతిమాలుతూ తిరుగుతాడు. శిక్ష ముందే రాసి పెట్టేశారని మనకి తెలుసు, అతనికి తెలీదు. చివర్లో అదే పాడు భవనంలో తుపాకీ పేలినప్పుడు నాకు ఊపిరాడలేదు.

నోలన్ వరుసలోనూ టెడ్డీ చావు మొదటే వస్తుంది. టాకీసులో ఆ రాత్రి మేము చూసినట్టే, చావు ముందు, స్నేహం తర్వాత. మరి టెడ్డీ మీద నెయ్యి వడ్డించినప్పటి దుఃఖం ఎందుకు కలగలేదు? మన చేతిలో లెనర్డ్ రాసుకున్న చీటీ ఉంది కాబట్టి. ఆ రాత్రి చంపినవాడి ద్రోహం మా కళ్ళ ముందే ఉంది. ఇక్కడ చంపినవాడి రాతే మనకి దారి చూపిస్తుంది. టెడ్డీ నవ్వితే అది అబద్ధాలకోరు నవ్వులా కనిపిస్తుంది. అంటే ఆ గొప్ప వరుస, నేను ఇన్నేళ్ళూ వెనకేసుకొచ్చిన వరుస, మొదట్నుంచీ చంపినవాడి పక్షానే ఉంది. మన జాలిలో చచ్చినవాడి వాటా ఆఖరి పది నిమిషాల వరకూ దాచిపెట్టి, పంచాల్సిన వేళకి తెర దించేసింది.

‘గజినీ’ని తలుచుకుంటే ఇది ఇంకా స్పష్టంగా తెలిసింది. 2005లో మురుగదాస్ ఈ మరుపునే, ఈ పచ్చబొట్లనే తీసుకుని కథని తిన్నగా చేశాడు. డైరీలోంచి ప్రేమకథ వస్తుంది, విలన్ నిజంగానే విలన్. మతిమరుపువాణ్ణి మనం ఇప్పటికీ ముద్దుగా గజినీ అంటున్నామంటే ఆ మరుపులో మనకి దోషం కనబడలేదు. లెనర్డ్ మరుపులో దోషం ఉంది. వాడు దాన్ని ఆయుధంలా వాడాడు.

మేనల్లుడికి రాసిన జవాబు వేరేగా వచ్చింది. ముందు నోలన్ వరుసలోనే చూడాలని ఇప్పటికీ అంటాను. నటాలీ మీద మోసపోయి జాలిపడనివాడికి లెనర్డ్ ఎంత తేలిగ్గా మోసపోతాడో తెలియదు. కొన్నాళ్ళు ఆగి నువ్వు పంపినది కూడా చూడాలి, టెడ్డీ పక్కన నడుస్తూ. నువ్వు కథ అర్థమైందన్నావు, నాకు మాత్రం అందులో జరిగిన హత్య అర్థమైంది అని రాశాను. క్రైమ్ కథ రాస్తున్న కుర్రాళ్ళు తమ స్క్రిప్టులో సీన్లు ఎలా కలపాలని నన్ను అడుగుతుంటారు. ఈసారి వాళ్ళని నేను ముందుగా ఒకటి అడగబోతున్నాను: ఈ వరుసలో చచ్చినవాడికి ఏం దక్కుతోంది?